జబ్బ నొప్పికి చెయ్యి కట్టేసుకోవద్దు: టెండాన్ నొప్పికి 12 వారాల పాఠం



నేల గురించి, విత్తనం గురించి, కషాయాల గురించి ఎన్నో పాఠాలు చెప్పుకున్నాం. ఈసారి ఆ పనులన్నీ చేసే చెయ్యి గురించి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నలభై దాటిన రైతుల్ని కదిలిస్తే "జబ్బ ఎత్తలేకపోతున్నా", "రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను" అనే మాట తరచూ వినిపిస్తుంది. కొందరు నొప్పిని లెక్కచేయకుండా ట్యాంకు మోస్తూనే ఉంటారు. కొందరు భయపడి చెయ్యి కదపడమే మానేస్తారు. రెండూ నష్టమే. మధ్యలో ఒక దారి ఉంది. అది కొద్దిరోజుల విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం. వ్యాయామాలు ఎలా చెయ్యాలో వీడియోలో చూడండి. ఎందుకు చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఇక్కడ చదవండి.

ప్రకృతి వ్యవసాయంలో జబ్బకు పని ఎక్కువ

మందుల వ్యవసాయం కంటే మన పద్ధతిలో ఖర్చు తక్కువ, చేతిపని ఎక్కువ. ఒక్కసారి లెక్క చూడండి.

ఎకరాకు జీవామృతం 200 లీటర్లు. 10 లీటర్ల బక్కెట్టుతో మోస్తే 20 సార్లు తిరగాలి. డ్రమ్ములో కర్రతో రోజుకు రెండుమూడు సార్లు కలపాలి. డ్రమ్ము ఎత్తుగా ఉంటే మోచేతులు భుజం దాకా లేస్తాయి.

వీపు స్ప్రేయరులో 16 లీటర్లు పడతాయి. నీళ్లే 16 కిలోలు, ట్యాంకు బరువు కలిపితే 20 కిలోల పైమాటే. ఎకరాకు 100 లీటర్ల నీమాస్త్రం కొట్టాలంటే ఆరేడు ట్యాంకులు. చేతి పంపుతో నిమిషానికి 15 సార్లు కొట్టినా గంటకు 900 సార్లు అవుతుంది.

ఆత్మకూరు వైపు నిమ్మతోటల్లో కోత రోజున పొద్దున్నుంచి చెయ్యి తలపైనే. ఉదయగిరి వైపు బత్తాయి, మామిడి తోటల్లోనూ అంతే. దోటి పట్టుకుని వేపాకు, కానుగాకు దించడం, గడ్డపారతో గుంత తియ్యడం, ఆచ్ఛాదన కోసం గడ్డి మోపులు మొయ్యడం, అన్నీ జబ్బ మీదే పడతాయి. ఆడవాళ్లకైతే చేలో కలుపు అయ్యాక ఇంటిపని ఉండనే ఉంది. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోతే అప్పుడు తెలుస్తుంది ఎంత ముదిరిందో. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే కళాకారులకూ ఇదే మాట వర్తిస్తుంది. రోజంతా చెయ్యి ఒకే కదలికలో ఉండే పని అది.

లోపల ఏం జరుగుతుంది?

భుజం కీలు తుంటి కీలు లాంటిది కాదు. తుంటిలో గుండు లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో పెద్ద గుండు చిన్న పళ్లెం మీద నిలబడి ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. ఆ గుండు జారిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. డాక్టర్లు ఈ గుంపును రొటేటర్ కఫ్ అంటారు. కండరాన్ని ఎముకకు కట్టే గట్టి తాడు లాంటిది టెండాన్. మనవాళ్లు "నరం పట్టేసింది" అంటారు గానీ ఇక్కడ దెబ్బతినేది నరం కాదు, ఈ తాడు.

నాలుగింటిలో పై తాడు భుజం పైనున్న ఎముక కప్పు కింది నుంచి వస్తుంది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా దాని మీద పని పడుతుంది. రోజూ అలవాటున్న పని అయితే తట్టుకుంటుంది. మూడు నెలలు ఊరికే ఉండి ఒక్కసారిగా నాలుగు రోజులు వరసగా నిమ్మకోత చేస్తే, లేదా రోజుకు రెండు ట్యాంకులు కొట్టే చెయ్యి ఏడు ట్యాంకులు కొడితే తట్టుకోలేదు. తాడులోని పోగుల వరస చెదురుతుంది, నొప్పి మొదలవుతుంది. వయసు నలభై దాటినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు, బీడీ, సిగరెట్టు అలవాటున్నవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటి. టెండాన్ మోటారు బెల్టు లాంటిది కాదు, ఒకసారి అరిగితే ఇక అంతే అనుకోవడానికి. అది ప్రాణమున్న కణజాలం. దాని మీద తగినంత బరువు మెల్లగా పడితే గట్టిపడుతుంది. అసలు పని లేకపోతే బలహీనపడుతుంది. మన నేల సంగతీ ఇంతే గదా. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ శిక్షణల్లో చెప్పే మొదటి సూత్రాల్లో ఒకటి, నేల 365 రోజులూ పంటతో కప్పి ఉండాలని. నేలను అతిగా దున్నినా చెడుతుంది, ఖాళీగా ఎండకు వదిలేసినా చెడుతుంది. జబ్బ కూడా అంతే.

ఇది ఆ నొప్పేనా?

టెండాన్ నొప్పి అయితే సాధారణంగా ఇలా ఉంటుంది:

- నొప్పి భుజం బయటి వైపు, రెట్ట పై భాగంలో ఉంటుంది. మోచెయ్యి దాటి కిందికి పెద్దగా పోదు.
- చెయ్యి పక్కనుంచి పైకెత్తుతుంటే మధ్యలో, నడుము ఎత్తు దాటినప్పటి నుంచి భుజం పై దాకా ఎక్కువ నొప్పి. అది దాటితే కాస్త తగ్గుతుంది.
- ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదు.
- చొక్కా వేసుకునేటప్పుడు, వీపు వెనక్కి చెయ్యి పెట్టినప్పుడు చురుక్కుమంటుంది.
- మీ అంతట మీరు ఎత్తితే నొప్పి. ఇంకొకరు మెల్లగా ఎత్తితే చెయ్యి చాలావరకు పైకి వస్తుంది.

చివరి గుర్తు బాగా చూసుకోండి. ఇంకొకరు ఎత్తినా చెయ్యి పైకి రాకపోతే, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే బిగుసుకుపోయి ఆగిపోతే, అది భుజం గడ్డకట్టడం కావచ్చు. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. దాని వైద్యం కొంచెం వేరు, కోలుకోవడానికి కాలం కూడా ఎక్కువ. షుగరు పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

మెడ తిప్పితే నొప్పి చేతిలోకి పాకడం, వేళ్లు తిమ్మిరెక్కడం ఉంటే మూలం మెడలో ఉండొచ్చు. దానికి ఈ వ్యాయామాలు సరిపోవు.

ఇవి కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు

- ఎడమ జబ్బ నొప్పితో పాటు గుండె బరువుగా ఉండటం, చెమటలు పట్టడం, ఆయాసం, కడుపులో తిప్పడం ఉంటే అది గుండె నొప్పి కావచ్చు. కాపడాలు, మర్దనాలు పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.
- చెట్టు మీద నుంచో, బండి మీద నుంచో పడ్డాక చెయ్యి ఎత్తలేకపోతే తాడు తెగి ఉండొచ్చు, కీలు జారి ఉండొచ్చు, ఎముక విరిగి ఉండొచ్చు. చూద్దాంలే అని వారాలు గడపొద్దు. కొన్ని తెగుళ్లకు తొందరగా ఆపరేషన్ చేస్తేనే ఫలితం.
- భుజం ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే.
- చేతిలో బలం తగ్గిపోతుంటే, స్పర్శ తెలియకపోతే.
- కారణం లేకుండా బరువు తగ్గుతూ, కదిపినా కదపకున్నా రాత్రీ పగలూ ఒకే తీరున నొప్పి ఉంటే.

ఇలాంటివి ఏవైనా ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. అవసరమైతే వాళ్లే నెల్లూరు పెద్దాసుపత్రికి రాసిస్తారు.

విశ్రాంతి అంటే ఏమిటి?

విశ్రాంతి అంటే మంచం ఎక్కడం కాదు, చెయ్యి గుడ్డతో మెడకు కట్టేసుకోవడం అసలే కాదు. ఎముక విరిగితే కట్టు సంగతి వేరు. టెండాన్ నొప్పికి నెల రోజులు చెయ్యి కదపకుండా ఉంచితే నొప్పి కొంచెం తగ్గినట్టే ఉంటుంది, కానీ కీలు బిగుసుకుపోతుంది, కండ కరిగిపోతుంది. మళ్లీ పనికి దిగిన రోజున మునుపటి కంటే తక్కువ బరువుకే నొప్పి తిరిగి వస్తుంది.

మొదటి రెండు వారాలు ఇవి మాత్రం మానెయ్యండి:

- భుజం కంటే ఎత్తుకు చెయ్యి లేపే పనులు: కోత, దోటి, కొమ్మల కత్తిరింపు.
- వీపు స్ప్రేయరు, బస్తాలు, గడ్డపార.
- చెయ్యి చాచి దూరం నుంచి బరువు లేపడం.

నడుము ఎత్తులో చేసే తేలిక పనులు, అన్నం తినడం, స్నానం, నారుకు నీళ్లు పెట్టడం లాంటివి మామూలుగా చేసుకోండి. ఈ రెండు వారాలు గడిచేదెలా అంటారేమో. ఈ వారం నీ చేలో నేను, వచ్చే వారం నా చేలో నువ్వు అని బదులు పని చేసుకోవడం మనకు కొత్తేం కాదు. వాళ్లు మీ ట్యాంకు కొడితే, మీరు వాళ్లకు విత్తనశుద్ధి, నారుమడి, కషాయం వడకట్టడం చేసిపెట్టొచ్చు.

పడుకునేటప్పుడు నొప్పి లేని పక్కకు తిరగండి. నొప్పి చెయ్యి కింద దిండు పెట్టుకుని దాన్ని కావిలించుకున్నట్టు పడుకోండి. వెల్లకిలా పడుకుంటే మోచేతి కింద మడిచిన తువ్వాలు పెట్టండి. నిద్ర బాగా పడితే నొప్పిని తట్టుకోవడం కూడా తేలికవుతుంది.

వ్యాయామాలు: మూడు దశలు

ముందు నొప్పి లెక్క నేర్చుకుందాం. నొప్పి అసలు లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. చేసేటప్పుడు 3, 4 దాకా వస్తే ఫరవాలేదు. మర్నాడు పొద్దునకల్లా మామూలు స్థితికి రావాలి. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. మానెయ్యొద్దు, సగానికి తగ్గించండి.

*మొదటి దశ: 1, 2 వారాలు. రోజుకు రెండుమూడు సార్లు.*

1. లోలకం ఊపు. మంచి చెయ్యి మంచం మీదో గట్టు మీదో ఆనించి ముందుకు వంగండి. నొప్పి చెయ్యి బావిలో వేసిన చేంతాడు లాగా వదులుగా వేలాడాలి. ఒంటిని మెల్లగా ఊపితే చెయ్యి దానంతట అదే చిన్న సున్నాలు చుడుతుంది. ఒక వైపు ఒక నిమిషం, ఇంకో వైపు ఒక నిమిషం. చేతిలో బరువు వద్దు.

2. బల్ల మీద జారుడు. బల్ల ముందు కూర్చుని చెయ్యి కింద తువ్వాలు వేసి ముందుకు జరపండి, వెనక్కి తీసుకోండి. 10 సార్లు.

3. రెక్కలు దగ్గరకు. నిటారుగా కూర్చుని వీపు మీది రెండు రెక్క ఎముకల్ని ఒకదానికొకటి దగ్గరకు లాగి 5 సెకన్లు ఉంచి వదలండి. 10 సార్లు. భుజాలు చెవుల వైపు లేవకూడదు.

*రెండో దశ: 3 నుంచి 6 వారాలు. రోజుకు రెండు సార్లు.*

4. గోడకు ఒత్తుడు. మోచెయ్యి మడిచి నడుముకు ఆనించండి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టండి. చెయ్యి గోడ పక్కన ఉండేలా నిలబడి, ముంజేతి వెనక వైపుతో గోడను బయటికి నెట్టండి. చెయ్యి కదలకూడదు, సగం బలం చాలు. 10 సెకన్లు నెట్టి వదలండి, 10 సార్లు. తర్వాత ద్వారబంధం దగ్గర నిలబడి అరచేతితో లోపలి వైపు ఇలాగే 10 సార్లు.

5. గోడ ఎక్కుడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించండి. నొప్పి 4 దాకా వస్తే ఆగి దిగండి. 10 సార్లు. ఎక్కడిదాకా ఎక్కిందో బొగ్గుతో గీత గీసుకోండి. వారానికోసారి చూస్తే గీత పైకి పోతుంటుంది. ఆ గీత మీకు ధైర్యమిస్తుంది.

*మూడో దశ: 7 నుంచి 12 వారాలు. రోజు మార్చి రోజు.*

6. సైకిల్ ట్యూబు లాగుడు. పాత ట్యూబును పొడవుగా కోసి కిటికీ ఊచకు మోచేతి ఎత్తులో కట్టండి. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పుతూ లాగండి. వెనక్కి వచ్చేటప్పుడు ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ మెల్లగా రండి. 10 సార్లు చొప్పున మూడు విడతలు.

7. నీళ్ల సీసా. అర లీటరు సీసా నిండా నీళ్లు పోస్తే అర కిలో బరువు. బొటనవేలు పైకి ఉండేలా పట్టుకుని, ముందుకూ పక్కకూ మధ్యన ఏటవాలుగా భుజం ఎత్తు దాకా లేపి, మెల్లగా దించండి. 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. తేలికనిపించాక లీటరు సీసా.

8. గోడ దండీలు. గోడకు అడుగున్నర దూరంలో నిలబడి అరచేతులు గోడకు ఆనించి వంగి లేవండి. 10 సార్లు, రెండు విడతలు.

మినుము పంటకాలం సుమారు 75 నుంచి 90 రోజులు. ఈ 12 వారాలు కూడా అంతే. విత్తిన పదో రోజున కాయ కోసం వెతకం గదా. టెండాన్‌కు రక్తప్రసరణ కండరానికి ఉన్నంత ఉండదు, అందుకే మానడం నిదానం. కొందరికి పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు కూడా పడుతుంది. అయితే సక్రమంగా చేస్తున్నా ఆరు వారాలకు ఏ మాత్రం మార్పు లేకపోతే డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించండి.

నెల్లూరుకు ఎన్నిసార్లు తిరగాలి?

ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి పోవాలంటే బస్సు చార్జీ, పోయిన కూలి కలిపి మోయలేనంత ఖర్చు. అందుకే చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు. వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది.

బ్రిటన్‌లో 708 మంది జబ్బ నొప్పి రోగులతో చేసిన గ్రాస్ప్ అనే పరిశోధన 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి ఫిజియోథెరపిస్టు ఆరు సార్ల దాకా దగ్గరుండి వ్యాయామం చేయించారు. ఇంకొందరికి ఒక్కసారి మాత్రం గంటసేపు లోపు కూర్చోబెట్టి, విషయం వివరంగా చెప్పి, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పి పంపారు. ఏడాది పాటు చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒక్కసారి సరిగ్గా నేర్చుకుని ఇంటి దగ్గర చేసుకున్నా పని జరుగుతుంది. కాబట్టి వీలైతే ఒక్కసారి పోయి చూపించుకోండి, సందేహాలన్నీ అడిగి నేర్చుకోండి, తర్వాత ఇంటి దగ్గరే చెయ్యండి.

అదే పరిశోధనలో సగం మందికి స్టెరాయిడ్ సూది కూడా వేశారు. మొదటి వారాల్లో కొంత ఉపశమనం దొరికింది, ఏడాది లెక్కలో మాత్రం లాభం కనిపించలేదు. నిద్ర పట్టనంత నొప్పి ఉంటే డాక్టరు సలహాతో ఒక సూది వేయించుకోవడం తప్పు కాదు. కానీ నొప్పి తగ్గింది గదా అని మర్నాడే ట్యాంకు ఎత్తితే మళ్లీ మొదటికి వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు సూది తర్వాత కొన్ని రోజులు షుగరు పెరగొచ్చు, ముందే చెప్పండి.

ఎముక కప్పు గీకే ఆపరేషన్ గురించి కూడా ఒక మాట. బ్రిటన్‌లోనే 313 మంది మీద చేసి, 2018లో ప్రచురించిన పరిశోధనలో ఆ ఆపరేషన్‌కూ, లోపల కెమెరాతో చూసి ఏమీ గీకకుండా కుట్టేసిన దానికీ ఫలితంలో పెద్ద తేడా రాలేదు. తాడు తెగినప్పుడు కుట్టే ఆపరేషన్ వేరు, దాన్ని దీనితో కలపొద్దు. స్కానింగులో "చిన్న చిరుగు ఉంది" అని రాసినా బెంబేలు పడొద్దు. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకపోయినా అలాంటి చిరుగులు చాలామందికి ఉంటాయి.

కాపడం, ఆకులు, బిళ్లలు

ఉప్పు మూట కాపడం, వావిలాకు నీళ్లు, నువ్వుల నూనె రాసుకోవడం హాయినిస్తాయి. వ్యాయామానికి ముందు 10, 15 నిమిషాలు కాపడం పెట్టుకుంటే కదలిక తేలికవుతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడిని ముందు ఇంకొకరి చేత చూపించుకోండి, లేకపోతే బొబ్బలెక్కుతాయి. కానీ కాపడం తాడును గట్టిపరచదు, ఆ పని వ్యాయామానిదే. చెయ్యి మెలిపెట్టి గట్టిగా గుంజే మర్దనాలు మాత్రం వద్దు.

నొప్పి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగొద్దు. కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి. బిళ్ల వేసుకుని నొప్పి తెలియకుండా పని చేస్తే తాడు ఇంకా దెబ్బతింటుంది.

చెయ్యి తగ్గాలంటే పని తీరు మారాలి

- జీవామృతం డ్రమ్ము పక్కన రెండు వరసల ఇటుకల అరుగు కట్టుకోండి. దాని మీద నిలబడితే మోచేతులు ఒంటి దగ్గరే ఉంటాయి. కర్ర రెండు చేతులతో పట్టి తిప్పండి.
- డ్రమ్ముకు అడుగున కుళాయి పెట్టి, వడకట్టిన జీవామృతాన్ని కాలువ నీళ్లలోకో డ్రిప్పులోకో వదలండి. 20 బక్కెట్లు మోసే పని తప్పుతుంది.
- చేతి పంపు బదులు బ్యాటరీ స్ప్రేయరు. కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి తీసుకోండి. 7వ వారం నుంచి పావు ట్యాంకు, తర్వాత సగం. నిండు ట్యాంకు 12 వారాల తర్వాతే.
- ట్యాంకును నేల మీద నుంచి ఎత్తి తగిలించుకోవద్దు. నడుము ఎత్తు గట్టు మీద పెట్టి, రెండు పట్టీలూ వేసుకుని లేవండి.
- నిమ్మకోతకు చిన్న నిచ్చెన వాడండి. కాయ గుండె ఎత్తులోకి వస్తుంది. అరగంటకోసారి కింద కాయలు ఏరే పనికి మారండి.
- గడ్డి, ఆచ్ఛాదన జబ్బ మీద మోయకుండా గోనె పట్టా మీద వేసి లాగండి.
- పెద్ద పని వచ్చే నెల రోజుల ముందే చేతిని సిద్ధం చెయ్యండి. ఎండాకాలం నిమ్మకు ధర పలికే రోజుల్లో కోత వరసగా తగులుతుంది. అంతకు ముందు నుంచే సీసా, ట్యూబు వ్యాయామాలు మొదలుపెడితే ఆ పది రోజులూ తట్టుకుంటుంది.

నొప్పి తగ్గాక కూడా ట్యూబు, గోడ దండీలు వారానికి రెండు రోజులు చేస్తూ ఉండండి. పది నిమిషాల పని. ట్యూబును పశువుల కొట్టం దగ్గరే కట్టి పెట్టుకుంటే పాలు తీసిన వెంటనే గుర్తొస్తుంది.

మందులు మానేసిన నేల మొదటి పంటకే తేరుకోదని మనకు తెలుసు. ఓపిక పట్టి రోజూ కాస్త జీవం అందిస్తే రెండో ఏటికి వానపాములు కనిపిస్తాయి. జబ్బకూ ఆ ఓపికే కావాలి. మీ ఇంట్లో, మీ వీధిలో చెయ్యి ఎత్తలేక ఇబ్బంది పడేవాళ్లు ఉంటే ఈ పాఠం చదివి వినిపించండి. అక్కలకు, అమ్మలకు ముందు వినిపించండి, వాళ్లు నొప్పిని బయటికి చెప్పరు.